చెవి మేస్త్రీ ఇంటి కారు

డిపోలో ఆయన్ని అందరూ చెవి మేస్త్రీ అంటారు. ఆ పేరు ఎవరు పెట్టారో ఇప్పుడెవరికీ గుర్తు లేదు గాని, ఎందుకు పెట్టారో నిన్నగాక మొన్న చేరిన క్లీనరుకి కూడా తెలుసు. తెల్లవారుతూండగా బస్సులన్నిటినీ వరసలో నిలబెట్టి స్టార్టు చేస్తారు. ఆ హోరులో, ఆ పొగలో, మేస్త్రీ చేతులు వెనక్కి కట్టుకుని నడుస్తాడు. ఒక్కో బస్సు ముందూ కాస్త ఆగి తల పక్కకి వంచుతాడు. తల ఊపాడంటే ఆ బస్సు గేటు దాటుతుంది. వేలు చూపించాడంటే పక్కకి తీసేస్తారు. మిగతా మెకానిక్కులు బానెట్ ఎత్తి, నెత్తి లోపలికి దూర్చి వెతుక్కునేది ఆయన చొక్కా నలగకుండా చెప్పేస్తాడు. "వెనక బేరింగు మూలుగుతోంది, విప్పండి" అంటే విప్పేవాళ్ళు ఎదురు ప్రశ్న వెయ్యడం ఎప్పుడో మానేశారు.

అలాంటి మనిషి సొంత కారు, సొంత ఇంటి ముందు, వానలు మొదలైనప్పటి నుంచీ వణికి చస్తోంది. దాని రోగమేమిటో ఆయన చెవికి అందడం లేదు.

ఇది చిన్న విషయం కాదు. మేస్త్రీకి చదువు లేదు. నడుము బండి కిందికి వంగనివ్వదు. వేళ్ళు చలికాలంలో సరిగా ముడుచుకోవు. రిటైరయ్యేదాకా ఆయన్ని డిపోలో నిలబెట్టేది ఆ చెవి ఒక్కటే. అది కూడా పోయిందంటే ఆ వరసలో చేతులు కట్టుకుని నడవడానికి ఆయనెవరు, ఆయన తల ఊపితే బస్సులెందుకు కదలాలి? ఈ ఆలోచన ఈ మధ్య అడపాదడపా వస్తోంది. వచ్చినప్పుడల్లా మేస్త్రీ కారుని తిట్టేవాడు.

కారు గురించి చెప్పాలంటే అది వాళ్ళమ్మాయి కంటే వయసులో పెద్దది. తుక్కులోకి పోతూంటే అడ్డుపడి తెచ్చుకుని, ఒక్కో భాగమే విప్పి మనిషిని చేశాడు. రంగు ఒకప్పుడు నీలం. ఎడమ తలుపు లోపల్నుంచి తెరుచుకోదు, ఎవరో ఒకరు దిగి వచ్చి తియ్యాలి. వాన పడితే ముందు సీటులో కూర్చున్నవాళ్ళ మోకాలి మీద నీటి చుక్క పడుతుంది, అందుకని వానాకాలంలో తల్లీకూతుళ్ళిద్దరూ వెనక సీటుకే ఎగబడేవాళ్ళు. ఇంజను మాత్రం బంగారం. "స్టార్టు చేశానో లేదో నాకే తెలిసేది కాదు, చెయ్యి పెట్టి చూసుకునేవాణ్ణి" అని చుట్టాలు వచ్చినప్పుడల్లా చెప్పేవాడు. చుట్టాలు వినీ వినీ విసిగి, ఆ కబురు మొదలవగానే మంచినీళ్ళు అడిగేవాళ్ళు.

ఇప్పుడా బంగారం కూడలిలో ఎర్రదీపం దగ్గర ఆగిందంటే చాలు, ఒళ్ళంతా ఊగిపోతుంది. అద్దంలో వెనక బండి రెండుగా కనిపిస్తుంది. స్టీరింగు చేతుల్లో గిలగిల్లాడుతుంది. కాలు నొక్కి వేగం అందుకుంటే మాత్రం ఎప్పుడూ ఏ రోగమూ ఎరగనట్టు బుద్ధిగా పోతుంది. మళ్ళీ ఆపితే మళ్ళీ మొదలు.

అమ్మాయి నర్సు. సోమవారం నుంచి ఊరికి ఆ చివరన ఉన్న ఆస్పత్రిలో కొత్త ఉద్యోగం. వేళాపాళా లేని షిఫ్టులు. "కారు నీకే, సోమవారానికి పువ్వులా తయారుచేసి ఇస్తాను" అని మేస్త్రీ మాటిచ్చాడు. శుక్రవారం వచ్చేసరికి పువ్వు సంగతి అలా ఉంచి, కారు గేటు బయటికి రావడానికే మొరాయించింది.

"నాన్నా, సందు చివర మెకానిక్ షెడ్డు ఉందిగా, ఒకసారి చూపించుకొస్తాను" అంది అమ్మాయి.

మేస్త్రీ ఒంటికాలి మీద లేచాడు. "నా బండిని వాడి దగ్గరికా? స్పానరు ఎటు తిప్పాలో వాడికి నేర్పింది నేను. పొద్దున నువ్వు వాడి గడప తొక్కు, మధ్యాహ్నానికి డిపో అంతా చెప్పుకుంటారు. చెవి మేస్త్రీకి దొరకని రోగం వాడికి దొరికిందట అని."

"చెప్పుకుంటే ఏం పోయింది?"

"నీకేం తెలుస్తుందే. పోయేది నాది."

అమ్మాయి తల్లి వైపు చూసింది. తల్లి కిటికీ పక్కన కుట్టుమిషను మీద ఎవరి పిల్లలవో బడి చొక్కాలకి కాలర్లు కుడుతోంది. తలెత్తలేదు. ఏడాదిగా ఆవిడ అలాగే ఉంటోంది. భోజనం పెట్టాను, తలుపు వేసుకోండి, నీళ్ళు వస్తున్నాయి, ఇంతే. మొదట్లో మేస్త్రీకి అది తోచనే లేదు. తోచాక, వయసు మీద పడితే ఆడవాళ్ళయినా మాటలు తగ్గిస్తారు కాబోలు అని సరిపెట్టుకున్నాడు. ఇల్లు కాస్త ప్రశాంతంగా ఉన్నందుకు లోపల్లోపల సంతోషించాడని కూడా చెప్పాలి.

ఆ చెవి ఆయనకి ఊరికే రాలేదు. కుర్రవాడిగా ఉన్నప్పుడు లారీలు బాగుచేసే ఒక షెడ్డులో చేరాడు. రేకుల కప్పు, కిటికీ లేదు, ఉన్న ఒక్క దీపం ఎప్పుడూ యజమాని చేతిలో ఉండేది. దీపం అందనివాడు ఏం చేస్తాడు, చెవి ఒగ్గాడు. పొడుగాటి స్క్రూడ్రైవర్ కొన ఇంజనుకి ఆనించి, పిడి చెవిలో పెట్టుకుని, లోపల ఎవరు ఎక్కడ తిరుగుతున్నారో, ఎవరు ఎవరిని ఒరుసుకుంటున్నారో నేర్చుకున్నాడు. దీపం పట్టుకున్న యజమాని వెతుకుతూ ఉండగానే ఇతను చీకట్లోంచి "అయ్యా, అది కాదు, పక్కది" అనేవాడు. తిట్లు తిన్నాడు, ఒకటి రెండు సార్లు దెబ్బలూ తిన్నాడు, చివరికి యజమానే "వాడినడగండి" అనే దాకా వచ్చాడు. డిపోలో ఉద్యోగం ఇచ్చిన పెద్దమనిషి కూడా కళ్ళు మూసుకోమని, ఒక బస్సు స్టార్టు చేయించి, ఏముందో చెప్పమని అడిగి చేర్చుకున్నాడు. పెళ్ళిచూపుల్లో పిల్లవైపు వాళ్ళకి ఈ కథే చెప్పారు. పిల్ల నవ్విందట.

ఆ వారం డిపోలో కూడా ఆయనకి మనసు మనసులో లేదు. ఒక డ్రైవరు బస్సు దిగి వచ్చి, "మేస్త్రీ గారూ, పొద్దున్నుంచీ బెల్టు కీచుమంటోందండీ" అన్నాడు. మేస్త్రీ బస్సు ముందు నిలబడ్డాడు. తల వంచాడు. ఇంజను గురగుర బాగానే ఉంది. "నాకు వినపడని కీచు నీకు వినపడిందా? పద పద" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆ డ్రైవరు మొహం మాడ్చుకుని బస్సు ఎక్కాడు. సాయంత్రం ఆ బస్సు బెల్టు తెగి, ఎండలో జనాన్ని దించేసి, తాడు కట్టించుకుని వచ్చింది. మేస్త్రీ బెల్టు కంపెనీని తిట్టాడు, డ్రైవరు నడిపిన తీరుని తిట్టాడు. డ్రైవరు మాత్రం ఆయన వైపు ఒక చూపు చూసి వెళ్ళిపోయాడు. ఆ చూపు మేస్త్రీకి ఇంటిదాకా వెంట వచ్చింది.

ఫోర్‌మన్ తనకంటే చిన్నవాడు, మర్యాద తెలిసినవాడు. మర్నాడు టీ తాగుతూ మేస్త్రీ అతన్ని డొంకతిరుగుడుగా అడిగాడు. "నాకు తెలిసినాయన ఒకాయన ఉన్నాడులే. పాత కారు. ఆపితే మిస్సింగు, ఒళ్ళంతా వణుకు, వేగంలో బాగుంటుంది. ఏమై ఉంటుందంటావ్?"

"ఎక్కడో గాలి లాగుతోందేమో మేస్త్రీ గారూ. సబ్బునీళ్ళు చల్లి చూడమనండి, ఎక్కడ చల్లితే ఇంజను మాట మారుతుందో అక్కడే లీకు."

"సబ్బునీళ్ళు చెవులు లేనివాళ్ళకి. గాలి లాగితే ఈల వేసినట్టు సీటీ వెయ్యదూ? సీటీ లేదు."

"ఆయనకి వినపడి ఉండదేమో."

"నేనే విన్నాను," అన్నాడు మేస్త్రీ విసురుగా. ఫోర్‌మన్ గ్లాసు కడుక్కోవడానికి లేచాడు.

శనివారం సెలవు పెట్టి మేస్త్రీ పని మొదలుపెట్టాడు. ముందుగా ప్లగ్గులు విప్పి కిటికీ గట్టు మీద వరసగా నిలబెట్టాడు. నాలుగూ సున్నం పూసినట్టు తెల్లగా ఉన్నాయి. అంటే ఇంజనుకి పెట్రోలు తక్కువైనా అయి ఉండాలి, గాలి ఎక్కువైనా అయి ఉండాలి. గాలి తగ్గించే చోక్ కాస్త లాగి చూశాడు, వణుకు తగ్గింది. ఇది కూడా అదే మాట చెబుతోంది. ఇక్కడిదాకా డిపోలో ఏ మెకానిక్కయినా వచ్చేవాడే. ఇక్కడి నుంచి చెవి మేస్త్రీ దారి వేరు. గాలి ఎక్కువైతే ఎక్కడో చిల్లు ఉండాలి, చిల్లు ఉంటే సీటీ వెయ్యాలి. ఆయన ఇంజను చుట్టూ తిరిగాడు, స్క్రూడ్రైవర్ చెవిలో పెట్టుకుని అన్ని చోట్లా ఆనించాడు. వాల్వుల చప్పుడు తెలుస్తోంది, గొలుసు తిరుగుడు తెలుస్తోంది, నీళ్ళ పంపు తెలుస్తోంది. సీటీ లేదు. కాబట్టి గాలి కాదు, పెట్రోలే. కోర్టులో జడ్జీ తీర్పు చెప్పినట్టు తనలో తాను చెప్పుకుని, గాలీ పెట్రోలూ కలిపే కార్బురేటర్ మీద పడ్డాడు.

కార్బురేటర్ విప్పడమంటే మాటలు కాదు. వెంట్రుకంత స్ప్రింగులు, గింజంత స్క్రూలు. ఒక స్క్రూ చేతిలోంచి జారి బానెట్ లోపల ఎక్కడో టింగుమందట. ఆ టింగు అమ్మాయికి వినపడి "అటు, బ్యాటరీ కింద" అంది. మేస్త్రీ ఇటు వెతికాడు. "అటు నాన్నా" అని రెండోసారి అంటే గాని తల తిప్పలేదు. పెట్రోలు వచ్చే జెట్టులన్నీ ఊదాడు, తీగతో పొడిచాడు, పెట్రోలులో ముంచి తీశాడు. మధ్యాహ్నం భోజనం చల్లారిపోయింది. అన్నీ బిగించి స్టార్టు చేశాడు.

వణికింది. ఇంతకు ముందు కంటే కొంచెం ఎక్కువే వణికినట్టు తోచింది. 

ఆదివారం ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత విప్పాడు. పాయింట్లు గీకాడు, టైమింగు ముందుకి జరిపాడు, వెనక్కి జరిపాడు. ప్లగ్గు వైర్లు ఒక్కోటే పీకి చూశాడు. ఏది పీకినా ఇంజను ఒకేలా కుంటింది, అంటే అన్నీ సమానంగా పనిచేస్తున్నట్టే, లేదా సమానంగా చస్తున్నట్టే. అమ్మాయిని స్టీరింగు ముందు కూర్చోబెట్టి "రేస్ ఇవ్వు" అన్నాడు. "వదులు." "మళ్ళీ ఇవ్వు." అమ్మాయి ఏదో అంది. "ఇవ్వమంటే ఇవ్వవేం?" అని అరిచాడు. "ఇస్తున్నాను, పెట్రోలు అయిపోవస్తోంది అంటున్నాను" అని ఆ పిల్ల కిటికీలోంచి తల బయటపెట్టి రెట్టింపు అరిచింది. ఎదురింటి మేడ మీద బట్టలు ఆరేస్తున్నవాళ్ళు కాస్తా ఆగి తమాషా చూడసాగారు.

డబ్బాలో పెట్రోలు తెచ్చి పోశారు. ఎండ నెత్తికెక్కింది. మేస్త్రీ వేళ్ళ సందుల్లో జిడ్డు, నుదుటి మీద జిడ్డు, తాగే నీళ్ళ చెంబు మీద జిడ్డు. ఆయన ఏం ముట్టుకున్నా జారిపోతోంది, ఎవరేమన్నా ఒంటి మీద కారం చల్లినట్టుంది. స్పానరు విసిరేశాడు. అది వెళ్ళి పూలకుండీకి తగిలి, కుండీ నిలువునా పగిలింది. అదేమీ చూడనట్టే మళ్ళీ వెళ్ళి స్పానరు తెచ్చుకున్నాడు.

"నాన్నా, ఇంక చాలు," అంది అమ్మాయి కారు దిగి. కోపంగా అనలేదు, అందుకే ఆయనకి ఇంకా కష్టంగా అనిపించింది. "రేపు నేను బస్సులో పోతాను. దీన్ని షెడ్డు వాడికి ఇచ్చేద్దాం. ఎవరికీ చెప్పొద్దని నేనే చెప్తాను వాడితో."

 కూతురు తన పరువు కాపాడటానికి ఊళ్ళో వాళ్ళని బతిమాలే స్థితికి వచ్చింది. ఇంజను ఊగుతూనే ఉంది. ఆయన బానెట్ అంచు పట్టుకుని, ఆ ఊగుడుకి తనూ కొంచెం ఊగుతూ నిలబడ్డాడు.

అప్పుడు ఇంట్లోంచి భార్య వచ్చింది. మెడలో కొలతల టేపు వేలాడుతోంది, చీర కుచ్చిళ్ళకి దారప్పోగులు అంటుకున్నాయి. పగిలిన కుండీని చూసింది, మొగుణ్ణి చూసింది. "కుండీ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ బుస కొట్టేదాన్ని నోరు మూయించండి, నా తల పగిలిపోతోంది" అంది.

"ఏది బుస కొట్టేది?"

"వినపడుతోందిగా."

"ఏది అంటూంటే."

ఆవిడ ఇంజను మీదికి వంగింది. బ్రేకుకి బలమిచ్చే రబ్బరు గొట్టం ఒకటి ఇంజను నుంచి బయల్దేరి, వెనక రేకుగోడ దగ్గర వంపు తిరిగి దిగుతుంది. బొటనవేలంత లావు, పైకి నల్లగా నిగనిగలాడుతూ ఏ లోపమూ లేనట్టుంది. ఆవిడ ఆ వంపు కిందికి చెయ్యి పోనిచ్చి అరచేత్తో గట్టిగా పట్టుకుంది.

ఊగుడు ఆగిపోయింది. ఆగినట్టు ఆగడం కాదు, ఇంజను ఒక్కసారిగా ఊపిరి తీసుకుని నిమ్మళించింది. అద్దం అద్దంలా నిలబడింది.

ఆవిడ చెయ్యి తీసింది. మళ్ళీ వణుకు. పట్టుకుంది. నిమ్మళం.

"అమ్మా," అంది అమ్మాయి, ఆ ఒక్క మాటే.

మేస్త్రీ తన చెయ్యి దూర్చి తడిమాడు. గొట్టం అడుగున, కంటికి కనపడని వైపు, వంపు పొడుగునా రబ్బరు చీలి ఉంది. ఆ చీలిక వేలిని లోపలికి లాగుతోంది. అంత గట్టిగా గాలి లాగే చోట సీటీ వెయ్యకుండా ఉండదు. ఆయన చెవి దాని మీదికి వంచాడు. ఇంజను గురగుర ఉంది, వాల్వుల టకటక ఉంది. రెండో చెవి వంచాడు. సీటీ లేదు. వేలు పెట్టి చీలిక మూశాడు, తీశాడు, మూశాడు. ఇంజను మాట మారుతోంది గాని, ఆయనకి వినపడేదాంట్లో కొత్తగా ఏదీ వచ్చి చేరడం లేదు.

ఇంట్లో సామాన్ల గదిలో అలాంటి గొట్టం ముక్క ఒకటి దొరికింది. కత్తిరించి, తొడిగి, క్లిప్పులు బిగించాడు. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. కారు పువ్వులా నడిచింది. అమ్మాయి ఆనందం పట్టలేక తల్లిని కావలించుకుని, తండ్రి జిడ్డు చెయ్యి ఊపేసి, ఓ చుట్టు తిప్పుకొస్తానని గేటు దాటిపోయింది. మేడ మీద వాళ్ళు కూడా తమాషా అయిపోయిందని లోపలికి వెళ్ళారు.

మేస్త్రీ గుమ్మం మెట్టు మీద కూర్చున్నాడు. భార్య పగిలిన కుండీ పెంకులు ఏరుతోంది.

"అంత బాగా వినపడిందా నీకు?" అన్నాడు.

"వానలు మొదలైనప్పట్నుంచీ వినపడుతోంది. కిటికీ పక్కనే కదా నా మిషను."

"మరి చెప్పలేదేం?"

ఆవిడ చేతిలో పెంకు అలాగే పట్టుకుని తిరిగింది. "చెప్పలేదా? కిటికీలోంచి ఎన్నిసార్లు చెప్పాను, ఏమండీ అది బుస కొడుతోంది అని. మీరు బానెట్‌లోంచి తల కూడా ఎత్తలేదు. ఇంజను గురించి ఆడదానికేం తెలుసు అనుకుంటున్నారని నేనూ మానుకున్నాను. నా మాటకి మీరు పలకడం ఎప్పుడో మానేశారుగా, ఇదొక కొత్తా."

బెల్టు కీచుమంటోందన్న డ్రైవరు మొహం మేస్త్రీ కళ్ళ ముందుకి వచ్చింది. ఆ చూపులో కోపం లేదని, జాలి ఉందని ఇప్పుడు తెలిసింది. ఈ ఏడాదిలో తల ఊపి పంపేసిన బస్సులెన్నో, వాటిలో ఎన్ని ఎన్ని రకాలుగా అరుస్తూ గేటు దాటాయో.

"నాకు వినపడలేదే," అన్నాడు.

"ఏది?"

"ఆ బుస ఇప్పుడు కూడా వినపడలేదు. చెవి పెట్టినా వినపడలేదు. నువ్వు కిటికీలోంచి అన్నదీ వినపడలేదు. లావు చప్పుళ్ళు తెలుస్తున్నాయి, సన్నవి రావడం లేదు. కావాలని పలక్కపోవడం కాదే."

ఆవిడ పెంకులు కింద పెట్టేసింది. వచ్చి మెట్టు మీద ఆయన పక్కన కూర్చుంది. చాలాసేపు ఆయన మొహంలోకి చూసింది, అబద్ధం ఎక్కడైనా ఉందేమో అని వెతుకుతున్నట్టు.

"ఎప్పట్నుంచి?"

"తెలీదు. ఇల్లు కాస్త సద్దుమణిగిందనుకున్నాను."

ఆవిడకి నవ్వు రాబోయి ఆగిపోయింది. "పోయినేడు అక్కకి ఆపరేషను అయింది చూడండి," అంది. "అప్పుడు వంటింట్లోంచి అడిగాను మిమ్మల్ని. అక్క ఒక్కతే ఉంది, వెళ్ళి తను మంచం దిగేదాకా ఉండొస్తానండీ అని. మీరు ముందుగదిలో స్క్రూలు ఏరుకుంటున్నారు. పలకలేదు. ఇంకోసారి అడిగాను. పలకలేదు. మొహం మీద వద్దన్నా ఇంత బాధపడేదాన్ని కాదు. నోరు విప్పి కాదనడానికి కూడా నేను తగనా అనుకున్నాను. చూసొచ్చేసి ఊరుకున్నాను. చెల్లెలు ఉండి కూడా పరాయివాళ్ళ చేత మంచినీళ్ళు ఇప్పించుకున్నానని అక్క ఇప్పటికీ నాతో సరిగా మాట్లాడదు. నేను మీతో మాట్లాడను."

మేస్త్రీ తల దించుకున్నాడు. ఆ సాయంత్రం ఆయనకి గుర్తే లేదు. గుర్తుండటానికి అందులో ఆయన విన్నదేమీ లేదు. అదే ఆయనకి ఎక్కువ భయం వేసింది. ఇంకా ఇలాంటివెన్ని తన చుట్టూ జరిగిపోయాయో అడగడానికి ధైర్యం చాలలేదు.

"రేపు పొద్దున బస్సులు తియ్యకముందే ఫోర్‌మన్‌తో చెప్పేస్తాను," అన్నాడు కాసేపటికి. "నన్ను వరసలో నడవనివ్వొద్దని. స్టోర్సులో కూర్చోమంటే కూర్చుంటాను. గేటు దగ్గర నిలబడమంటే నిలబడతాను. ఎవరైనా నవ్వుకుంటే నవ్వుకోనీ." ఇన్నేళ్ళ పేరు ఒక్క సాయంత్రంలో ఊడి చేతికి వచ్చేసిందన్న బాధ కంటే, అది తనకి తెలియకుండా ఎప్పుడో ఊడిందన్న ఉక్రోషమే ఆయన్ని ఎక్కువ తినేస్తోంది.

"చెప్పండి. చెప్పాల్సిందే, జనం ఎక్కే బస్సులు," అంది ఆవిడ. "కాని ముందు అక్కకి చెప్పండి."

"ఇప్పుడా?"

"ఏడాది అయింది. ఇంకెప్పుడు?"

వదినంటే మేస్త్రీకి మొదట్నుంచీ బెరుకు. మాట పడని మనిషి. ఆవిడ దగ్గర తగ్గడం కంటే డిపో మొత్తం ముందు తగ్గడం తేలిక. ఆయన చేతులు తుడుచుకున్నాడు, తుడిచినచోటే మళ్ళీ తుడుచుకున్నాడు. భార్య అప్పటికే ఫోను కలిపి ఆయన చేతిలో పెట్టింది.

"వదినా, నేనండీ," అన్నాడు. "మీకు ఆపరేషను అయినప్పుడు మీ చెల్లెలు మీ దగ్గర ఉండొస్తానని నన్ను అడిగింది. నేను పలకలేదు. వద్దని కాదు. నాకు వినపడలేదు. నా చెవులు పోయాయి వదినా. మాకు ఇవాళే తెలిసింది. మీ చెల్లెలి మీద కోపం పెట్టుకోకండి."

అవతల వదిన మాట్లాడటం మొదలుపెట్టింది. ఆవిడది సన్నటి గొంతు. అది ఎక్కడో గోడకవతల నుంచి వస్తున్నట్టు, మాటల అంచులన్నీ అరిగిపోయి, తిడుతోందో ఏడుస్తోందో తెలియకుండా చాలాసేపు వచ్చింది. ఇన్నాళ్ళూ ఇలాంటప్పుడు మేస్త్రీ "ఆ, ఆ, అంతే మరి" అనేసి ఫోను భార్యకి అందించేవాడు. అలవాటుగా ఆవిడ ఇప్పుడూ చెయ్యి చాచింది. ఆయన ఇవ్వలేదు. ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాడు.

"వినపడలేదు వదినా," అన్నాడు. "మళ్ళీ చెప్పండి."